వీఆర్‌లో బండను సరిగ్గా కూర్చోబెట్టాలంటే కంటికి ఏం చూపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతూ, నాపబండలు పరిచే పని నేర్పడానికి వీఆర్‌లో, అంటే హెడ్‌సెట్ తలకు పెట్టుకుని చూసే వర్చువల్ రియాలిటీలో, ఒక ప్రాజెక్టు చేస్తున్నారు. రెండడుగుల బండను కంట్రోలర్‌తో పట్టుకుని, సిమెంటు మాలు పరిచిన నేల మీద గుర్తు ఉన్నచోట పెట్టాలి. పదిమందితో చేయించి చూస్తే చాలామంది మూడు నాలుగు సెంటీమీటర్ల తేడాతో పెడుతున్నారు. కొందరికి బండ నేలను తాకిందో లేదో కూడా తెలియడం లేదు. నేల మీద గళ్లు గీశారు, దగ్గరికి రాగానే బండ రంగు మారేలా చేశారు, అయినా పెద్దగా బాగుపడలేదు. ఇంకా ఏం చూపించాలి అని అడిగారు.

నేను కడపలో ఉంటాను. ఎనిమిదేళ్లుగా చేతిపనులు నేర్పే వీఆర్ శిక్షణలు తయారుచేస్తున్నాను. మీరు పడుతున్న ఇబ్బంది నేను రెండు ప్రాజెక్టుల్లో పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇంకా ఏం చూపించాలి అని ఆలోచించే ముందు, ఏ తప్పు కనపడటం లేదో తేల్చుకోవాలి. మీ పదిమంది చేసిన తప్పును ఒకే అంకెగా చూడకండి. ఎడమకో కుడికో ఎంత జరిగింది, ముందుకో వెనక్కో ఎంత జరిగింది, ఎత్తులో ఎంత తేడా ఉంది, ఈ మూడూ విడివిడిగా రాసుకోండి. నేను ఇలా విడదీసిన ప్రతిసారీ ఒకటే తేలింది. మనిషి చూపుకు అడ్డంగా ఉన్న దిక్కుల్లో తప్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. చూపు వెళ్లే దిక్కులో, అంటే లోతులో, సెంటీమీటర్లలో ఉంటుంది.

దీనికి కారణం లెక్కలోనే ఉంది. మెటా కంపెనీ క్వెస్ట్ 3 లాంటి హెడ్‌సెట్‌లో ఒక డిగ్రీకి దాదాపు 25 పిక్సెళ్లు పడతాయి. క్వెస్ట్ 2లో ఇంకాస్త తక్కువ. మంచి చూపున్న కంటికి 60 దాకా కావాలి. 25 అంటే ఒక్కో పిక్సెల్ 0.04 డిగ్రీ. మీటరు దూరంలో అది 0.7 మిల్లీమీటరు. కాబట్టి బండ పక్కకి మిల్లీమీటరు జరిగినా కంటికి తెలిసిపోతుంది. లోతు సంగతి వేరు. రెండు కళ్లకూ కనిపించే బొమ్మల మధ్య ఉన్న చిన్న తేడాతో లోతు పోల్చుకోవాలి. కళ్ల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లే. ఆ తేడా ఒక్క పిక్సెల్ మారాలంటే వస్తువు ఎంత జరగాలో లెక్క కడితే, అర మీటరు దూరంలో దాదాపు 3 మిల్లీమీటర్లు, మీటరు దూరంలో 11, రెండు మీటర్ల దూరంలో 44 వస్తుంది. దూరం రెట్టింపైతే లోతు తప్పు నాలుగింతలు అవుతుందన్నమాట. ఇది మోటు లెక్క. అంచులు నునుపు చేసే యాంటీ ఏలియాసింగ్ ఉంటే కన్ను ఇంతకంటే కొంచెం బాగానే పోల్చుకుంటుంది. కానీ దూరం పెరిగేకొద్దీ లోతు చేజారిపోవడం మాత్రం తప్పదు.

ఇప్పుడు మీ సీను ఊహించుకోండి. మనిషి నిలబడి ఉన్నాడు. కళ్లు నేలకు 1.6 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, బండ కాళ్ల ముందు అరమీటరు అవతల ఉంది. కంటికీ బండకీ మధ్య దాదాపు 1.7 మీటర్లు. పై లెక్క ప్రకారం లోతు తప్పు 3 సెంటీమీటర్లు. మీకు వస్తున్న అంకె అదే. పైగా మనిషి కిందికి చూస్తున్నాడు కాబట్టి ఇక్కడ లోతంటే చాలావరకు ఎత్తే. అందుకే బండ నేలను తాకిందో లేదో తెలియడం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నేలకు మూడు సెంటీమీటర్ల పైన తేలుతున్న బండ, ఏటవాలు చూపుకి, గుర్తు మీద సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది. వదిలేశాక కింద పడి చూస్తే గుర్తుకు ఇవతల, మనిషి వైపు ఉంటుంది. పక్కతప్పు అని మీరు అనుకుంటున్న దాంట్లో కొంత ఇలా ఎత్తు తప్పు నుంచి పుట్టిందే.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది గీతలు గీయడం కాదు, మనిషిని గొంతుక్కూర్చోబెట్టడం. నిజంగా బండలు పరిచే బేల్దారి ఎవరూ నిలబడి బండ కూర్చోబెట్టడు. గొంతుక్కూర్చుంటే కంటికీ బండకీ మధ్య దూరం 70, 80 సెంటీమీటర్లకు వస్తుంది, లోతు తప్పు 5 నుంచి 7 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఒక్క పిక్సెల్ అదనంగా గీయకుండా నాలుగో వంతుకు తగ్గించినట్టు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నేలనే నడుం ఎత్తుకి లేపి బల్ల మీద చేయించండి. మరీ దగ్గరికి మాత్రం తేవద్దు. హెడ్‌సెట్ కటకాలు ఒకే దూరానికి ఫోకస్ అయి ఉంటాయి, మామూలుగా అది మీటరుకు పైనే. ముప్ఫై సెంటీమీటర్ల దగ్గర వస్తువును చూస్తే రెండు కళ్లూ లోపలికి తిరగాలి, ఫోకస్ మాత్రం దూరంలోనే ఉండాలి. కాసేపటికే కళ్లు లాగుతాయి, బొమ్మ రెండుగా విడిపోతుంది. అర మీటరు నుంచి 80 సెంటీమీటర్ల మధ్య పని జరిగేలా చూసుకోండి.

దాంతోపాటే కళ్ల మధ్య దూరం సరిచేశారో లేదో చూసుకోండి. క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే మెట్లుంటాయి. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి సరిచేసుకోవచ్చు. ఒకరి తర్వాత ఒకరు హెడ్‌సెట్ మార్చుకునేటప్పుడు దీన్ని ఎవరూ ముట్టుకోరు, మొదటివాడికి సరిపోయిన కొలతతోనే పదోవాడు కూడా చేస్తాడు. నేల ఎత్తు కూడా ప్రతి సెషన్‌కీ మళ్లీ పట్టండి. కంట్రోలర్‌ను నిజం నేలకు ఆనించి, ఆ ఎత్తు వీఆర్ నేలతో కలిసిందో లేదో చూడటం పది సెకన్ల పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బేల్దారి మేస్త్రి మట్టం ఎలా చూస్తాడో ఎప్పుడైనా గమనించారా? రెండు చివరలా మట్టం గుర్తులు పెట్టి వాటి మధ్య దారం బిగిస్తాడు. తర్వాత ఒక చెయ్యి నేలకు ఆనించి, చెంప దాదాపు నేలకు తాకేంత కిందికి వంగి, ఒక కన్ను మూసి, దారం వెంబడి చూస్తాడు. పైనుంచి చూస్తే కనపడని రెండు మిల్లీమీటర్ల ఎత్తు తేడా అప్పుడు దారానికీ బండకీ మధ్య సందుగా కనిపిస్తుంది. ఆయన చేసింది ఏమిటంటే, లోతులో దాగిన తప్పును చూపుకు అడ్డంగా తిప్పుకున్నాడు. రెండు కళ్లతో లోతు కొలిచే పని కంటికి పెట్టలేదు. ఒక కన్నుతో సందు చూసే పని పెట్టాడు. వీఆర్‌లో పనికొచ్చే ప్రతి దృశ్య సహాయం చేసే పని ఇదే. మీరు గీసిన గళ్లు నేలకు అంటుకుని ఉన్నాయి, లోతు తప్పును అవి ఎటూ తిప్పవు, అందుకే పని చేయలేదు. కొత్తది ఏది పెట్టాలనుకున్నా ఇదొక్కటి అడిగి చూసుకోండి: ఇది లోతు తప్పును పక్కతప్పుగా మారుస్తోందా లేదా?

ఆ పనిని అందరికంటే బాగా, అందరికంటే సహజంగా చేసేది నీడ. 1990ల్లో డేనియల్ కెర్‌స్టెన్, పాస్కల్ మమాసియన్, డేవిడ్ నిల్ అనే పరిశోధకులు ఒక చక్కటి ప్రదర్శన చేశారు. పెట్టెలో ఒక బంతి కదులుతుంటుంది. తెర మీద బంతి వెళ్లే దారి రెండుసార్లూ అచ్చంగా ఒకటే, నీడ వెళ్లే దారి మాత్రమే వేరు. నీడ బంతిని అంటుకుని వెళితే బంతి నేల మీద లోపలికి దొర్లినట్టు కనిపిస్తుంది. నీడ కింద అడ్డంగా వెళ్లి బంతికి దూరమైతే బంతి గాల్లోకి లేచినట్టు కనిపిస్తుంది. బొమ్మ మారలేదు, నీడ మారింది, అంతే. బండకీ దాని నీడకీ మధ్య ఉన్న ఖాళీ చూపుకు అడ్డంగా కనిపించే ఖాళీ. కన్ను దాన్ని మిల్లీమీటర్లలో పట్టుకుంటుంది.

అయితే నీడ ఎలా పడుతోందన్నది చాలా ముఖ్యం. మొదటి ప్రాజెక్టులో నేను సాయంత్రం ఎండలా ఏటవాలు లైటు పెట్టాను, చూడటానికి అందంగా ఉంటుందని. తాడిపత్రి నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించి హెడ్‌సెట్ పెట్టించాం. బండ చేతిలో పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి, "ఇదేందప్పా, బండ నేల మీద ఉండాదా, గాల్లో ఉండాదా?" అని అడిగాడు. నీడ పక్కకి అడుగు దూరంలో పడుతోంది, ఆయన చూపంతా బండ కిందే ఉంది. నీడ ఉన్నా ఆయనకు అక్కరకు రాలేదు. ఆ రాత్రే లైటును నడినెత్తికి మార్చాను. మరుసటి రోజు ఆయన ఏ ప్రశ్నా అడగకుండా బండ దించాడు.

నడినెత్తి లైటు ఒకటి పెట్టి, బండకు సరిగ్గా కింద నీడ పడేలా చూసుకోండి. ఎత్తులో ఉన్నప్పుడు నీడ పలచగా, అంచులు చెదిరి ఉండాలి. దిగుతున్నకొద్దీ ముదిరి, అంచు పదునెక్కాలి. తాకే క్షణంలో బండ అంచూ నీడ అంచూ కలిసిపోవాలి. హెడ్‌సెట్‌లోనే నడిచే యాప్‌లో రియల్ టైమ్ నీడలు బరువు అనిపిస్తే, బండ కింద నేల మీద ఒక మసక బొమ్మ అతికించి ఎత్తును బట్టి దాని సైజు, చిక్కదనం మార్చినా సరిపోతుంది. వీఆర్ సీను తయారుచేయడానికి యూనిటీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నానని మీరన్నారు కాబట్టి ఇంకో హెచ్చరిక. నీడను ఉపరితలం నుంచి కాస్త జరిపే షాడో బయాస్ అనే సెట్టింగు ఎక్కువగా పెడితే నీడ వస్తువు అడుగు నుంచి కొద్దిగా తప్పుకుని పడుతుంది, దాన్ని పీటర్ ప్యానింగ్ అంటారు. నేలను తాకి ఉన్న బండ కూడా తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఇలాంటి తప్పుడు నీడ కంటే అసలు నీడ లేకపోవడమే మేలు. బయాస్, నార్మల్ బయాస్ తగ్గించండి. ఎంత దూరం దాకా నీడలు గీయాలో చెప్పే షాడో డిస్టెన్స్ యాభై మీటర్లు ఉంటే ఐదారు మీటర్లకు దించండి, నీడ దానంతట అదే పదునెక్కుతుంది. బండను కదలని వస్తువుగా లెక్కేసి వెలుతురు ముందే బేక్ చేసి, అంటే లెక్కగట్టి అతికించేసి ఉంటే నీడ పాతచోటే ఉండిపోతుంది, అది కూడా ఒకసారి చూసుకోండి.

నీడ తర్వాత బండ ఒంటి గురించి. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో బండ నల్లగా, నున్నగా, పాలిష్ పట్టి మెరుస్తోంది. తాడిపత్రి, బేతంచెర్ల బండ అని చూడగానే గుర్తుపట్టేలా చేశారు, సంతోషం. కానీ వీఆర్‌లో నున్నటి నలుపు కంటికి శత్రువు. రెండు కళ్ల బొమ్మల్నీ పోల్చుకోవడానికి మెదడుకి ఏదో ఒక గరుకు, మరక, గీత కావాలి. నల్లటి నున్నటి చోట పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. పైగా మెరుపులో కనిపించే ప్రతిబింబం బండ ఉపరితలం మీద ఉండదు, అద్దంలో బొమ్మలాగా బండకు అవతల లోతులో ఉంటుంది. రెండు కళ్లూ ఆ ప్రతిబింబాన్ని పట్టుకుంటే బండ ఇంకా కిందికి ఉన్నట్టు అనిపిస్తుంది. పాలిష్ పట్టని బూడిదరంగు నాపబండ వాడండి. ఉలి గాట్లు, పొరలు లేచిన అంచులు, సున్నపు మరకలు స్పష్టంగా కనిపించే టెక్స్చర్ వేయండి. పై అంచుల వెంబడి రెండు మిల్లీమీటర్ల లేత రంగు గీత ఇవ్వండి. నిజం బండకు కూడా కోసినచోట అంచు తెల్లగానే ఉంటుంది కాబట్టి ఎబ్బెట్టుగా ఉండదు.

ఇవి చేశాక కూడా కొంత తప్పు మిగులుతుంది. అప్పుడు తూకపు గుండు గీతలు పెట్టండి. బండను చేతిలో పట్టుకున్నప్పుడు నాలుగు మూలల నుంచీ నేలకు నిట్టనిలువుగా నాలుగు గీతలు దిగాలి, ప్రతి గీత నేలను తాకినచోట ఒక చుక్క ఉండాలి. అప్పుడు మనిషి బండను కాకుండా చుక్కల్ని గుర్తు మీదికి తెస్తాడు. చుక్కా గుర్తూ రెండూ నేల మీదే ఉన్నాయి, కాబట్టి లోతు ప్రశ్నే లేదు. అడ్డంగా పొసగించుకోవడమే. తర్వాత నేరుగా కిందికి దించితే చాలు. బండ మాలు పరుపుకి రెండు అంగుళాల లోపుకి వచ్చాక గీతలు పలచబడిపోవాలి, లేకపోతే చివరి క్షణంలో అవే చూపుకు అడ్డం పడతాయి. గీతల్ని మరీ సన్నగా గీయకండి. పిక్సెల్ కంటే సన్నని గీత తల కదిపినప్పుడల్లా మినుకుమినుకుమంటుంది, చూసేవాళ్లకి తలనొప్పి వస్తుంది. చూసే దూరంలో కనీసం రెండు పిక్సెళ్ల మందం ఉండేలా, దూరాన్ని బట్టి మందం మారేలా చేయండి.

నీడల్ని గోడల మీదికి కూడా పంపవచ్చు. 1992లోనే బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఒక బృందం వస్తువు నీడను మూడు గోడల మీద పడేలా చేసి, ఆ నీడను పట్టుకుని లాగితే వస్తువు ఆ తలంలోనే జరిగేలా చేసి చూపించింది. మీ పనికి అంత అవసరం లేదు, కానీ గోడకు టైల్స్ వేయించే పాఠం ఎప్పుడైనా చేస్తే గుర్తుపెట్టుకోండి.

తాకిందా లేదా అన్న ప్రశ్నకు వేరే జవాబు కావాలి. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం దగ్గర జనం ఏం చేస్తారో మీకు తెలుసు. ఎంతసేపు చూసినా స్తంభం నేలను తాకిందో లేదో కంటికి నమ్మకం కుదరదు. పైటకొంగో తువ్వాలో కిందికి దూర్చి, ఇటు నుంచి అటు లాగుతారు. గుడ్డ బయటికి వస్తేనే సందు ఉందని ఒప్పుకుంటారు. అంటే రాతికీ రాతికీ మధ్య మిల్లీమీటర్ల సందు నిజం జీవితంలోనే కంటికి అందదు. వీఆర్‌లో ఆ గుడ్డ పని చేసేది తాకిడి గీత. బండా మాలూ కలిసే చోటల్లా షేడర్‌తో, అంటే ఉపరితలం ఎలా కనిపించాలో చెప్పే చిన్న ప్రోగ్రాంతో, ఒక వెలుగు గీత గీయించండి. నాలుగు వైపులా గీత వచ్చిందంటే బండ చుట్టూ ఆనింది. మూడు వైపులే వచ్చిందంటే నాలుగో వైపు బోలుగా ఉంది. బోలుగా ఉన్న బండ మీద బరువు పడితే పగులుతుందని మేస్త్రులు సుత్తితో తట్టి శబ్దం వింటారు. మీరు కూడా శబ్దం పెట్టండి, ఆనినచోట గట్టి చప్పుడు, బోలుగా ఉన్నచోట డొల్ల చప్పుడు. కన్ను అలసిపోయినా చెవి పట్టుకుంటుంది. తాకిన క్షణంలో కంట్రోలర్‌లో చిన్న అదురు ఇవ్వడం కూడా మరవకండి.

ఇక వాలు. మామూలుగా స్నానాల గదిలోనో వాకిట్లోనో నీళ్లు పోవడానికి మీటరుకు సెంటీమీటరు వాటం పెట్టినా, అది 0.57 డిగ్రీ. దాన్ని కంటితో చూసి చెప్పడం అసాధ్యం, హెడ్‌సెట్‌లో మరీను. మేస్త్రి చేతిలో రసమట్టం ఉన్నది అందుకే. గాజు గొట్టంలో బుడగ, కంటికి అందని వాలును వేలెడు కదలికగా పెద్దది చేసి చూపిస్తుంది. మీరు కూడా బండ మధ్యలో ఒక రసమట్టం పెట్టండి, అయితే ఒక డిగ్రీకి బుడగ రెండు మూడు సెంటీమీటర్లు జరిగేంత పెద్దది చేయండి. అంకెలు రాయకండి. 0.6 అని గాల్లో తేలే అంకె చదవాలంటే చూపు బండ మీద నుంచి పక్కకి పోవాలి, అది ఏ మూల ఎత్తు ఉందో చెప్పదు, బుడగ చెబుతుంది. నాకు ఇంకా నచ్చినది, నేర్చుకునేవాళ్లకి కూడా బాగా నచ్చినది, గోలీ. బండ పెట్టాక దాని మీద ఒక గోలీ వదిలితే వాటం ఎటు ఉందో అటు దొర్లుతుంది, సరిగ్గా ఉంటే నీళ్ల దారి వైపు నెమ్మదిగా వెళుతుంది. మేస్త్రులు చివరికి చెంబెడు నీళ్లు పోసి చూసేది కూడా ఇదే కదా.

లక్ష్యం దగ్గర చూపించే పారదర్శకమైన నకలు బండ గురించి కూడా చెప్పాలి, మీరు దాన్నే వాడబోతున్నట్టు రాశారు. యూనిటీ ఎక్స్‌ఆర్ ఇంటరాక్షన్ టూల్‌కిట్‌లో వస్తువు కూర్చోవాల్సిన చోటును గుర్తించే సాకెట్ ఇంటరాక్టర్ పెడితే అది దానంతట అదే అలాంటి నకలును చూపిస్తుంది, సులభమే. కానీ అదే సైజు, అదే ఆకారం ఉన్న రెండు బండలు ఒకదాంట్లో ఒకటి దూరినప్పుడు ఏది ముందుందో ఏది వెనక ఉందో తెలియదు, పైతలాలు రెండూ కలిసి మినుకుమినుకుమనడం మొదలుపెడతాయి. పారదర్శకత కూడా లోతును చెరిపేస్తుంది, ఎందుకంటే ఒకటి ఇంకోదాన్ని కప్పితేనే కదా ఏది ముందుందో కంటికి తెలిసేది. కాబట్టి నకలు బండకు నిండు వద్దు, మూలలు నాలుగూ ఎల్ ఆకారంలో గీస్తే చాలు. చేతిలోని బండ ప్రతి మూల నుంచీ దానికి సంబంధించిన గమ్యం మూలకు ఒక చిన్న గీత కలపండి. దగ్గరయ్యేకొద్దీ గీతలు పొట్టిగా అయి, చివరికి మాయమవుతాయి. రెండు మూలల గీతలు పోయి రెండు మిగిలాయంటే బండ వంకరగా ఉందని అర్థం. రంగు మార్చినప్పుడు ఎరుపు ఆకుపచ్చ మీదే ఆధారపడకండి, ఆ రెండింటినీ పోల్చుకోలేని కళ్లు మీ తరగతిలోనే ఒకరిద్దరికి ఉండొచ్చు. రంగుతోపాటు గీత మందమో ఆకారమో మారాలి. ఇంకొకటి, 5 మిల్లీమీటర్ల లోపుకి వచ్చినప్పుడు రంగు మారితే, మళ్లీ 8 దాటినప్పుడే వెనక్కి మారాలి. రెండింటికీ ఒకే హద్దు పెడితే చెయ్యి వణికినప్పుడల్లా రంగు టపటపా మారి టెన్షన్ పెడుతుంది.

పక్క నుంచి చూపించే చిన్న కిటికీ ఒకటి పెట్టుకోవచ్చు. బండకు అరచేయంత దూరంలో, నేల ఎత్తులో చూస్తున్నట్టు, ఐదింతలు పెద్దది చేసిన బొమ్మ. మేస్త్రి చెంప నేలకు ఆనించి చూసే చూపు అది. నిజంగా వంగి చూడగలిగే వాళ్లకి ఇది అక్కర్లేదు. కిటికీని మనిషి ముఖానికి తగిలించకండి, బండ దగ్గరే ఉంచండి. ముఖంతోపాటు కదిలే బొమ్మ తల తిప్పుతుంది.

ఇప్పుడు వదిలేటప్పుడు జరిగే తప్పు. అన్నీ సరిగ్గా పొసగించి, ట్రిగ్గర్ వదిలే క్షణంలో వేలి కదలికకు కంట్రోలర్ కాస్త తిరుగుతుంది. పరిశోధకులు దీన్ని హైజెన్‌బర్గ్ ఎఫెక్ట్ అంటారు. చేత్తో నేరుగా పట్టుకున్నప్పుడు అది మిల్లీమీటర్లే, కానీ లేజర్ కిరణంతో మూడు మీటర్ల దూరంలో వస్తువును పట్టుకుంటే ఒక్క డిగ్రీ తిరిగినా చివర 5 సెంటీమీటర్లు జరుగుతుంది. ఖచ్చితమైన పనికి కిరణం వాడకండి. వదిలిన క్షణంలోని స్థానం కాకుండా, దానికి పదో వంతు సెకను ముందున్న స్థానాన్ని తీసుకోండి. ఇంకా మేలైనది, చెయ్యి నెమ్మదిగా కదులుతున్నప్పుడు బండ ఇంకా నెమ్మదిగా కదలడం. ఫ్రీస్, కెస్లర్ అనే ఇద్దరు 2005లో ప్రిజమ్ అనే పద్ధతి చూపించారు. చెయ్యి వేగంగా కదిలితే వస్తువు చేతితో సమానంగా వస్తుంది, మెల్లగా కదిలితే చేతి కదలికలో కొంత భాగమే వస్తువుకు అందుతుంది. చేతి వణుకు దాంట్లోనే అణిగిపోతుంది. అయితే చెయ్యి ఒకచోట, బండ ఒకచోట అవుతాయి కాబట్టి రెండింటినీ కలుపుతూ సన్నని గీత చూపించాలి, లేకపోతే పట్టు తప్పిందనుకుని కంగారు పడతారు.

చివరిగా స్నాప్ గురించి, ఇది నా సొంత అనుభవంతో చెబుతున్నాను. దగ్గరికి రాగానే బండ దానంతట అదే గుర్తు మీద కూర్చునేలా చేస్తే మీ తప్పుల అంకె ఒక్క పూటలో సున్నా అవుతుంది. నేనూ అదే చేశాను. ఒక శిక్షణ సంస్థకు చేసిన ప్రాజెక్టులో నాలుగు సెంటీమీటర్ల లోపు ఎక్కడ వదిలినా బండ లాక్కుని కూర్చునేలా పెట్టాను. దానికి తోడు నకలు బండ, బాణాలు, అంకెలు, ఆకుపచ్చ వెలుగు అన్నీ ఉన్నాయి. పిల్లలు రెండు రోజుల్లో చకచకా పరిచేశారు, సంస్థవాళ్లు చాలా సంతోషించారు. మూడో రోజు నిజం మాలు, నిజం బండ ఇచ్చి షెడ్డులో కూర్చోబెట్టారు. పన్నెండు మందిలో ఒక్కరు కూడా దారం బిగించుకోలేదు. ఒక కుర్రాడు బండ దించి, అది దానంతట అది సర్దుకుంటుందేమో అన్నట్టు చెయ్యి తీసేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ దృశ్యం నన్ను చాలా బాధపెట్టింది. వాళ్ల తప్పు ఏమీ లేదు, నేను నేర్పింది అదే. కంటికి కనిపించాల్సిన తప్పును నేను దాచిపెట్టాను.

తర్వాతి ప్రాజెక్టులో స్నాప్‌ను పూర్తిగా తీసేసి, దారం, రసమట్టం, గోలీ వాళ్ల చేతికే ఇచ్చాం. దారం వాళ్లే కట్టుకోవాలి. కట్టకపోతే ఏ గీతా రాదు. తూకపు గుండు గీతలు మొదటి నాలుగైదు బండలకే ఉంటాయి, తాకిడి గీత పది బండల దాకా, ఆపైన నీడా దారమూ మాత్రమే. మీరు చేస్తున్నది నిజంగా పని నేర్పే ప్రాజెక్టే అయితే ఇలాగే చేయమంటాను. ఇల్లు ఎలా ఉంటుందో చూపించే యాప్‌లో సోఫా జరపడానికైతే స్నాప్ నిక్షేపంగా పెట్టుకోవచ్చు, అక్కడ ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

కొలిచేటప్పుడు పాత పదిమందితో మళ్లీ చేయించకండి, వాళ్లకి ఇప్పటికే అలవాటైపోయింది. కొత్తవాళ్లని తీసుకోండి. సగం మందికి ముందు సహాయంతో, తర్వాత లేకుండా. మిగతా సగానికి తారుమారుగా. బండ వదిలిన స్థానాన్నే కాకుండా వదలడానికి ముందు రెండు సెకన్ల దారిని కూడా ఫైల్లో రాయించండి. తప్పు చూపు వల్ల వచ్చిందో, వదిలేటప్పుడు వేలి వల్ల వచ్చిందో ఆ దారి చూస్తే తెలుస్తుంది.

ఈ వారం మూడే పనులు చేయండి: గొంతుక్కూర్చోబెట్టడం, నడినెత్తి నీడ, పాలిష్ లేని బండ. మూడు దిక్కుల తప్పులూ విడివిడిగా ఇక్కడే రాయండి. ఎత్తు తప్పు సెంటీమీటరు లోపుకి దిగకపోతే మీ లైటు సెట్టింగులూ బయాస్ విలువలూ కూడా జతచేయండి, చూసి ఎక్కడ తేడా ఉందో చెబుతాను.